బంతి పద్దు
(రజతోత్సవ సభయందు చదివిన ఉపన్యాసము)



ఈ శుభ సమయమున నన్ను నాలుగు మాటలు చెప్పుమని సంఘమువారు ఆజ్ఞాపించిరి. నేను ఊరి లెక్కలు వ్రాసికొనువాడను; పండితుడను గాను. నాకు వచ్చిన నాలుగు పద్యములును ఈ గ్రంథాలయపు దీపము క్రింద నేర్చినవే. కావున భారతమునుండియో భాగవతమునుండియో ఒక ఘట్టమును వివరింతునని మీరు తలచియుందురు. కాని నేడు నేనెన్నుకొన్న విషయము బంతియాట. బంతిని తన్ని జీవించినవారి కథ. ఇట్టి విషయమును ఈ వేదికపై ఏల ఎత్తుకొంటినో మొదట విన్నవించెదను.

ఈ గ్రంథాలయము పుట్టిననాటినుండియు దీని జమాఖర్చులు నా చేతిమీదుగనే నడచుచున్నవి. సుమారు ఇరువదియేండ్ల క్రిందట ఒక సాయంకాలము పదిమంది బాలురు వచ్చి, "సారూ, మాకో బంతి కొనియ్యుండ్రి" అని యడిగిరి. దాని వెల నాలుగు వందల రూపాయలు. నేను పద్దు పుస్తకమును మూసి, "గ్రంథాలయమునకు గ్రంథములే ఖర్చు. బంతిని తన్నిన కడుపు నిండునా?" అంటిని. వారు మారు మాటాడక వెడలిపోయిరి. ఆ ప్రశ్నకు సమాధానమును నేనే వెదకికొనవలసివచ్చునని ఆనాడు నాకు తోచలేదు.

2023 ఫిబ్రవరిలో మన పఠనమందిరమున పత్రిక చదువుచుండగా ఒక మరణవార్త కంటబడినది. తులసీదాస్ బలరామ్ అను పూర్వపు ఫుట్‌బాల్ ఆటగాడు ఆ నెల 16వ తేదీన కలకత్తాలో కన్నుమూసెను. ఆయన సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో 1936లో పుట్టినవాడు. మనకు ఇంత దగ్గరివాని పేరు నేను అంతవరకు వినియుండలేదు! సిగ్గుపడి, ఆయన చరిత్రను వెదకి వెదకి చదివితిని.

ఆ చరిత్ర చదువుచుండగా భారతమున ఆదిపర్వ కథ జ్ఞప్తికి వచ్చినది. కురుకుమారులు ఆడుచుండగా బంతి నూతిలో పడినది. తీయనేరక వారు నిలిచియుండగా ఒక బ్రాహ్మణుడు వచ్చి, బాణమునకు బాణమును తగిలించి దానిని పైకి తెచ్చెను. ఆయనయే ద్రోణుడు. భీష్ముడు ఆ వార్త విని కుమారులను ఆయనకు అప్పగించెను. బంతి నూతబడకున్నచో ఆ గురువు ఆ శిష్యులకు దొరకియుండెడివాడా? ఆట వెంట గురువు వచ్చునని మన పెద్దలే చెప్పియుండగా, ఆటను చదువునకు శత్రువని నేనెట్లు తలచితినో!

బలరామునకును అట్టి గురువు దొరకెను. ఆయన హైదరాబాదు వాస్తవ్యుడగు సయ్యద్ అబ్దుల్ రహీమ్, వృత్తిచేత బడిపంతులు. 1950లో హైదరాబాదు నగర పోలీసు జట్టునకును, భారత జట్టునకును శిక్షకుడయ్యెను. ఆ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. రహీమ్ సాహెబు బోధనా పద్ధతి విచిత్రమైనది. బంతిని కాలివద్ద నుంచుకొని విన్యాసములు చేయరాదను నియమముతో పోటీలు పెట్టెను. వాటము లేని కాలితోనే తన్నవలెనను నియమముతో వేరొక పోటీ పెట్టెను. తనకు తేలికయైన దానిని విడిచి, లోపమున్నచోటనే అభ్యాసము చేయుమనుట దీని భావము. వ్యాకరణము నేర్చువానికిని, లెక్కలు నేర్చువానికిని ఇంతకు మించిన ఉపదేశము కలదా?

ఆ శిక్షణలో పెరిగిన బలరాము ఇరువదియేండ్ల ప్రాయమున 1956 మెల్బోర్న్ ఒలింపిక్ జట్టులో చేరెను. ఆ యేడు మన దేశము నాలుగవ స్థానమును పొందెను. 1957లో ఆయన కలకత్తా చేరి ఈస్ట్ బెంగాల్ జట్టున ఆడసాగెను. 1960 రోమ్ ఒలింపిక్సులో హంగరీతో తలపడి మనము 2–1 తేడాతో ఓడితిమి. ఆ ఒక్క గోలు బలరాముదే. ఆ హంగరీ సామాన్యమైన జట్టు గాదు. ఆ ఒలింపిక్సులో కాంస్య పతకమును గెలుచుకొన్నది. పెరూపై మనవారు చేసిన ఒక్క గోలును ఆయనదే. 1961లో ఈస్ట్ బెంగాలునకు నాయకుడై కలకత్తా లీగును సాధించెను. 1962లో అర్జున పురస్కారము నందెను.

అదే సంవత్సరము జకార్తాలో ఆసియా క్రీడలు జరిగినవి. రహీమ్ సాహెబు అప్పటికే క్యాన్సరు వ్యాధితో బాధపడుచుండెను. జనసమూహము మనవారికి ప్రతికూలము. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో ఓటమి. అయినను మనవారు థాయ్‌లాండును ఓడించిరి, జపానును ఓడించిరి, అందొక గోలు బలరాము చేసెను. కడపట, సెప్టెంబరు 4న, అదే కొరియాను 2–1తో జయించి స్వర్ణ పతకమును తెచ్చిరి. ఆసియా క్రీడల ఫుట్‌బాలులో మరల మన దేశమునకు స్వర్ణము రాలేదు. రహీమ్ సాహెబు 1963 జూన్ 11న పరమపదించెను. ఆ సంవత్సరమే, ఊపిరితిత్తుల వ్యాధి కారణముగా, బలరాము ఆట చాలించెను. అప్పటికి ఆయన వయస్సు 27 దాటలేదు. తోడి ఆటగాండ్రగు చునీ గోస్వామికిని, పి. కె. బెనర్జీకిని పద్మశ్రీ వచ్చినది, బలరామునకు రాలేదు.

ఇచ్చట మీకు అమెరికా దేశపు సంగతి యొకటి చెప్పవలెను. వారి ఫుట్‌బాలులో బంతిని చాలవరకు చేతులతోనే పట్టి పరుగెత్తుదురు. నేలపై నిలిపిన బంతిని తన్నుటకే ప్రత్యేకముగా ఒకడుండును. 18 అడుగుల 6 అంగుళముల యెడము గల రెండు స్తంభముల నడుమనుండి, 10 అడుగుల ఎత్తుననున్న అడ్డకమ్మికి పైగా బంతిని పంపినచో మూడు అంకెలు. తక్కినవారు ఆట పొడుగునను శ్రమింతురు. వాడు కొన్ని క్షణములకొరకు వచ్చి, ఒక్క తన్ను తన్ని పోవును. తగిలినచో గెలుపు, తప్పినచో నింద. లెక్క వ్రాయువాని బ్రతుకును ఇట్టిదే గదా! వేయి అంకెలు సరిగా వేసినను ఎవరును గమనింపరు. ఒక్కటి తప్పినచో ఊరంతయు ఎరుగును. ఆ వృత్తియందు ఆడం వినటియేరి అనునతడు 24 సంవత్సరములు ఆడి 2,673 అంకెలు గడించెను. బంతిని తన్నిన కడుపు నిండునాయను నా ప్రశ్నకు ఇది యొక సమాధానము.

కాని నా మనస్సును తాకినవాడు వేరొకడు. 1991 జనవరి 27న వారి దేశపు అత్యున్నత పోటీలో బఫెలో నగరపు జట్టు ఒక్క అంకె వెనుకబడి యున్నది. మిగిలిన కాలము 8 సెకనులు. స్కాట్ నార్వుడ్ అను ఆటగాడు 47 గజముల దూరమునుండి బంతిని తన్నెను. అది కుడి స్తంభమునకు ఆవలగా పోయినది. 20–19తో జట్టు ఓడెను. మరునాడు ఆ జట్టు ఊరు చేరగా, వేలాది జనులు కూడలిలో గుమిగూడి నార్వుడ్ పేరే పిలిచిరి. తిట్టుటకు గాదు, ఓదార్చుటకు. అతడు గద్గద కంఠముతో వారికి కృతజ్ఞత తెలిపెను.

సోదరులారా! గెలుపును పోగొట్టినవానిని ఆ ఊరు తనవాడని అక్కున జేర్చుకొన్నది. దేశమునకు స్వర్ణము తెచ్చినవాని పేరును మనలో ఎందరెరుగుదుము? ఖర్చు పద్దులన్నియు జాగ్రత్తగా వ్రాసితిని. మనము చెల్లింపవలసిన బాకీని మాత్రము ఏ పుటయందును వ్రాయనైతిని. గ్రంథాలయము పుస్తకముల కొట్టు గాదు. మరచిపోరాని వారిని మరువకుండుటకు ఊరు కట్టుకొన్న ఇల్లు అది.

ఆనాడు బంతి యడిగిన బాలురలో ఒకడు దుబాయిలో కూలిపని చేసికొనుచున్నాడు. ఈ ఉత్సవమునకు 1,116 రూపాయలు పంపెను. రసీదు వ్రాయుచు, "ఏ పద్దు క్రింద వ్రాయుమందువు నాయనా?" అని ఫోనులో అడిగితిని. "బంతి కింద రాయుండ్రి సారూ" అనెను. నా కలము కొంతసేపు కదలలేదు.

ఆ విధముగనే వ్రాసితిని. బంతి కొన్నాము, అదిగో, బీరువా ప్రక్కన నున్నది. రహీమ్ సాహెబు, బలరాము మొదలగు మన ప్రాంతపు ఆటగాండ్ర చరిత్రలకు ఒక అర వేరుగా నుంచవలెనని సంఘమువారిని ప్రార్థించుచున్నాను. బాలురారా, సాయంకాలము ఆడుకొనుడు. చీకటిపడిన పిమ్మట బంతిని తెచ్చి యథాస్థానమున నుంచి, ఒక పుస్తకము తీసికొని పొండు. రెండింటికిని పద్దు నేనే వ్రాసెదను.

సెలవు.