సీసం కుళ్లదు

న్యూయార్క్‌లో బావరీ, హ్యూస్టన్ వీధులు కలిసే మూలన లిజ్ క్రిస్టీ తోట ఉంది. 1970ల మొదట్లో అది తోట కాదు, చెత్తదిబ్బ. నగరం దివాలా అంచుకు చేరుతున్న రోజులవి. యజమానులు వదిలేసిన ఇళ్లు కూలిపోయి, ఆ జాగాలు ఇటుక ముక్కలతో, పగిలిన సీసాలతో నిండి ఉండేవి. ఆ పేటలోనే ఉండే చిత్రకారిణి లిజ్ క్రిస్టీ, ఆమె మిత్రులు 'గ్రీన్ గెరిల్లాలు' అని పేరు పెట్టుకున్నారు. విత్తనాలూ ఎరువూ నీళ్లూ బెలూన్లలో నింపి, కంచెల మీదుగా పాడుబడ్డ జాగాల్లోకి విసిరేవారు. 1973లో వాళ్ల దృష్టి ఈ మూల జాగా మీద పడింది. 1974 ఏప్రిల్‌లో నగర పాలక సంస్థ దాన్ని నెలకు ఒక డాలరు అద్దెకు ఇచ్చింది.

స్వచ్ఛంద కార్యకర్తలు చెత్త ఎత్తిపోశారు, కంచె కట్టారు. అయితే అక్కడున్న నేలనే గుల్ల చేసి విత్తనాలు చల్లలేదు. దానంగా వచ్చిన మంచి మట్టి పరిచి, 60 ఎత్తు మడులు కట్టి, వాటిలో కూరగాయలు పెంచారు. రాళ్లూ రప్పలూ నిండిన చోట అంతకన్నా వేరే దారి లేదు. ఆరోగ్యానికీ అదే సరైన దారి.

ఎందుకంటే నగరాల మట్టిలో సీసం ఉంటుంది. పాత ఇళ్ల గోడల రంగుల్లోంచీ, దశాబ్దాలపాటు సీసం కలిపిన పెట్రోలు తాగిన బండ్ల పొగలోంచీ వచ్చి చేరిందది. ఇళ్లలో సీసపు రంగుల వాడకాన్ని అమెరికా 1978లో నిషేధించింది. సీసం కలిపిన పెట్రోలు భారతదేశంలో 2000లో ఆగిపోయింది. ఆగింది కొత్తగా వచ్చి చేరడమే, అప్పటికే నేలలో ఉన్నది ఎక్కడికీ పోలేదు.

ఇక్కడే ఒక మొండి నమ్మకం అడ్డొస్తుంది. 'నేలతల్లి అన్నిటినీ కడుపులో కలుపుకుంటుంది, నాలుగు తట్టల పశువుల ఎరువు వేస్తే ఏ మట్టైనా బాగవుతుంది' అని. ఆకు కుళ్లుతుంది, పేడ కుళ్లుతుంది, సీసం మాత్రం కుళ్లదు. ఎరువు దాన్ని కొంత పట్టి ఉంచుతుంది, పలచబరుస్తుంది, అంతే. కూరను ఎంతసేపు ఉడికించినా అది పోదు. పగిలిన సీసాలు కంటికి కనిపిస్తాయి కనుక ఏరి పారేస్తారు. సీసం కనిపించదు కనుక లేదనుకుంటారు.

అది ఒంట్లోకి చేరే దారి కూడా చాలామంది అనుకునేది కాదు. టమాటా, వంకాయ వంటి కాయల్లోకి సీసం ఎక్కేది చాలా తక్కువ. ఆకుకూరలకూ దుంపలకూ అంటుకున్న మట్టి, మడి దగ్గర ఆడుకునే పిల్లల వేళ్లు, చెప్పులతో ఇంట్లోకి వచ్చే దుమ్ము, అసలు దారులు ఇవి. పసిపిల్లల మెదడుకు ఇంతవరకైతే ఫరవాలేదని చెప్పగల మోతాదు అంటూ ఏదీ లేదు. నివాస స్థలాల మట్టిలో పది లక్షల భాగాలకు 400 భాగాల సీసం దాటితే పరిశీలించాలన్న హద్దును అమెరికా పర్యావరణ సంస్థ 2024లో 200కు దించింది.

లిజ్ క్రిస్టీ తోట లాంటివి నడిచే తీరు సాదాగా ఉంటుంది. న్యూయార్క్‌లో 1978లో మొదలైన గ్రీన్‌థంబ్ అనే నగర కార్యక్రమం జాగాకు అనుమతి ఇస్తుంది, మట్టీ పనిముట్లూ సమకూరుస్తుంది. తాళంచెవులు, నీళ్లు పెట్టే వంతులు, కలుపుతీత సభ్యుల బాధ్యత. సాగు కాలంలో వారానికి కనీసం 20 గంటలు తలుపు తీసి ఎవరినైనా రానివ్వాలి. జాగా నగరానిదే కాబట్టి భయమూ ఉంటుంది. 1999లో నగరం వందకు పైగా తోటలను వేలానికి పెట్టినప్పుడు, రెండు స్వచ్ఛంద సంస్థలు వాటిని కొని నిలబెట్టాయి. లిజ్ క్రిస్టీ 1985లో మరణించారు. మరుసటి ఏడాది తోటకు ఆమె పేరు పెట్టారు.

పెరటి మడికైనా, కాలనీవాళ్లంతా కలిసి ఖాళీ జాగాలో వేసే తోటకైనా సీసం విషయంలో పాటించాల్సింది ఒకటే. ముందు ఆ జాగాలో ఏముండేదో పెద్దవాళ్లను అడగాలి. పాత బ్యాటరీలు కరిగించిన షెడ్డు ఉండేదంటే అక్కడ కూరగాయల మాటే వద్దు. అనుమానం ఉంటే మట్టిని పరీక్షకు పంపాలి. మామూలు భూసార పరీక్షలో సీసం చూడరు, దాన్ని చూడమని విడిగా అడగాలి. ఈలోగా అడుగున మందపాటి గుడ్డ పరిచి, తెచ్చిన మట్టితో ఎత్తు మడి కట్టుకోవచ్చు. దారుల మీద ఎండుటాకులు పరిస్తే దుమ్ము లేవదు. దుంపల చెక్కు తీయాలి, ఆకుకూరలు రెండు మూడు నీళ్లలో కడగాలి. పిల్లలు మడి దగ్గర్నుంచి రాగానే చేతులు కడిగించాలి.

ఇంత చెప్పినా సంక్రాంతి ముందు ఒక పని జరిగిపోతూనే ఉంటుంది. గోడలకు పాత రంగు గీకి, ఆ పెచ్చులను గోడవార తోటకూర మడిలోకి ఊడ్చేస్తారు, మట్టే కదా కలిపేసుకుంటుందిలే అని. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 మించకూడదన్న నియమం భారతదేశంలో 2017 నవంబరులోనే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగు ఏదైనా అనుమానించదగ్గదే. గోడ తడిపి గీకాలి, కింద ప్లాస్టిక్ పట్టా పరచాలి. పిల్లలనూ గర్భిణులనూ ఆ పూట పక్కింటికి పంపాలి. పెచ్చులను మూటకట్టి చెత్తబండికి విడిగా ఇవ్వాలి, మడిలోకి మాత్రం ఊడ్చకూడదు.