మిస్సోరీలో ఒకే రోజు రెండు హోరాహోరీ పోటీలు

  పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే ప్రశ్న అడిగారు. "అమెరికా ప్రైమరీలో వెయ్యి ఓట్ల తేడాతో గెలిస్తే అది గెలుపేనా?" అని. ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు మన లెక్క చూడండి. 1989 లోక్‌సభ ఎన్నికల్లో అనకాపల్లిలో కొణతాల రామకృష్ణ గారు 9 ఓట్ల తేడాతో గెలిచారు. 9 ఓట్లయినా 9 లక్షలైనా సీటు ఒక్కటే, అది గెలిచినవాళ్లకే. మనకు ఈ లెక్క అలవాటు. ప్రైమరీలో మాత్రం ఓటు వేసేది సీటు కోసం కాదండీ, డెలిగేట్ల కోసం. వాళ్లే పార్టీ మహాసభకు వెళ్లి అధ్యక్ష అభ్యర్థిని ఎన్నుకుంటారు.

ఇప్పుడు మిస్సోరీకి వద్దాం. 2016 మార్చి 15. ఒకే రాష్ట్రం, ఒకే రోజు, రెండు పార్టీల ప్రైమరీలు. డెమొక్రాట్లలో హిల్లరీ క్లింటన్, బెర్నీ శాండర్స్ మీద 1,574 ఓట్లతో గెలిచారు. రిపబ్లికన్లలో డొనాల్డ్ ట్రంప్, టెడ్ క్రూజ్ మీద 1,965 ఓట్లతో గెలిచారు. రెండు చోట్లా తేడా ఒక శాతంలో పావు వంతు మాత్రమే!

మరి డెలిగేట్లు? క్లింటన్‌కు 36, శాండర్స్‌కు 35. ట్రంప్‌కు 37, క్రూజ్‌కు 15. చూశారా?

ఎందుకిలా అంటే, రూల్ వేరు. డెమొక్రాట్లు ఓట్ల నిష్పత్తిలో పంచుతారు. 2016లో అక్కడ రిపబ్లికన్ల పద్ధతి ఏమిటంటే, రాష్ట్రం మొత్తంమీద మొదటి స్థానంలో ఉన్నవారికి 12. తర్వాత 8 కాంగ్రెస్ నియోజకవర్గాల్లో, ఎక్కడ ఎవరు ముందుంటే వాళ్లకు తలా 5. ట్రంప్ ఐదింట్లో, క్రూజ్ మూడింట్లో ముందున్నారు. 25కి 12 కలిపితే 37.

ఇప్పుడు నేను వేసిన లెక్క వినండి. నియోజకవర్గాల ఫలితం మారకుండా, ట్రంప్‌కు వేసినవాళ్లలో 983 మంది క్రూజ్‌కు వేసి ఉంటే, ఆ 12 అటు వెళ్లిపోయేవి. క్రూజ్‌కు 27, ట్రంప్‌కు 25. మొత్తం తలకిందులు!

అదే శాండర్స్ సంగతి చూడండి. అర శాతంలోపు తేడా కాబట్టి రీకౌంట్ అడిగే హక్కు ఆయనకుంది. అడగలేదు. డెలిగేట్ల సంఖ్య మారదు, ప్రజల డబ్బు ఎందుకు వృథా అన్నారు. ఆయన రూల్ చదువుకున్న మనిషి.

అందుకే అమెరికాలో ఓటు హక్కున్న మన తెలుగువాళ్లకు చెప్తున్నా. "ఎవరు గెలిచారు" అనేది టీవీ హెడ్డింగ్. మీ ఓటు విలువ ఎంతో చెప్పేది మీ రాష్ట్రంలో మీ పార్టీ రూల్. ఆ రూల్ మారుతుంది కూడా. మిస్సోరీయే 2022లో ప్రభుత్వం నడిపే ఈ ప్రైమరీని చట్టం చేసి ఎత్తేసింది. 2024లో రిపబ్లికన్లు కాకస్ సమావేశాలు పెట్టుకున్నారు.

కాబట్టి పోలింగ్‌కు ముందే ఆ రూల్ ఒకసారి చదవండి. మీ ప్రశ్నలు కింద రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.