ఊపిరి విడుచుట



ఆయాసముతో బాధపడువారిని పలుకరించినచో తరచుగా వినవచ్చు మాట "గాలి అందుట లేదు" అనునదే. అందుచేత వారు భుజములు ఎగురవేసి, మెడనరములు పొంగునట్లు గాలిని లోనికి లాగుకొనుటకు పెనగులాడుదురు. చూచుచున్న ఇంటివారు సైతము "గట్టిగా పీల్చు నాన్నా" అని తొందరపెట్టుదురు. మేము నేడు మనవి చేయదలచినది దీనికి దాదాపు తలక్రిందుగా ఉన్నది. దీర్ఘకాలముగా పొగ తిన్న ఊపిరితిత్తులలో చిక్కు చాలవరకు గాలి లోనికి వచ్చుటలో లేదు. వచ్చిన గాలి వెలికి పోవుటలో ఉన్నది. నిండిన కుండలో మరియొక చెంబెడు నీరు పోయదలచినచో ముందుగా కొంత వంపవలెను గదా!

మన ఊపిరితిత్తులలో 30 కోట్లకు పైగా సన్నని గాలిగూళ్ళున్నవి. ఇవి సాగి, తిరిగి ముడుచుకొను గుణము గలవి. ఏండ్ల తరబడి పొగ సోకుటచేత కొన్ని గూళ్ళ గోడలు చినుగును. మిగిలినవి బిగువు కోల్పోవును. గాలిని తెచ్చు గొట్టములు వాచి, కఫముతో ఇరుకగును. బలవంతముగా ఊపిరి విడిచినచో ఆ మెత్తని గొట్టములే నొక్కుకొనిపోవును. ఇట్లు పాతగాలి లోన నిలిచిపోగా రొమ్ము ఉబ్బును. గొడుగువలె పైకి వంగియుండి శ్వాసను నడుపవలసిన ఉదరవితానము బల్లపరుపై పనికి చాలకపోవును. ఈ జబ్బును వైద్యులు సి.ఓ.పి.డి. అని పిలుచుచున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2021లో దీనివలన మరణించినవారు సుమారు 35 లక్షలు.

దీనికి చుట్ట, బీడీ, సిగరెట్టు ప్రధాన కారణములన్నది అందరెరిగినదే. కాని ఎన్నడును చుట్ట ముట్టని ఇల్లాలికి ఈ జబ్బెట్లు వచ్చినదని ఆశ్చర్యపడువారున్నారు. తడికట్టెలు, పిడకలు, ఊదుగొట్టము, కిటికీ లేని వంటయిల్లు! ముప్పది ఏండ్లు పొయ్యి ముందు కూర్చున్న తల్లి పీల్చిన పొగను లెక్కించినవారెవరు? ఆంధ్రప్రదేశములో 1999లో వచ్చిన దీపం పథకము, దేశమంతటను 2016లో వచ్చిన ఉజ్జ్వల పథకము అనేక గృహములకు గ్యాసు పొయ్యిని చేర్చినవి. అయినను అంతకుముందు పీల్చిన పొగ ఆ తల్లుల రొమ్ములో తన పని తాను చేసియున్నది.

ఇక సాధన. ముందుగా భుజములను వదులుగా జారవిడువవలెను. నోరు మూసికొని ముక్కుతో, రెండంకెలు లెక్కించునంతసేపు, మామూలుగా గాలి తీసికొనవలెను. నిండుగా పీల్చనక్కరలేదు. పిదప ఈల వేయువానివలె పెదవులను ముడిచి, నాలుగంకెలు లెక్కించునంతసేపు మెల్లగా విడువవలెను. ఎదుట దీపమున్నదని భావింపుడు: జ్వాల వంగవలెను గాని ఆరరాదు. పెదవుల యొద్ద కలుగు ఆ స్వల్పమైన అడ్డు వలన లోపలి గొట్టములు తెరచియుండి, చిక్కుకొన్న గాలి నెమ్మదిగా వెలువడును. ఆయాసము లేని వేళ దినమునకు కొన్నిమార్లు అలవాటు చేసికొన్నవారికే ఆయాసము వచ్చిన వేళ ఇది అక్కరకు వచ్చును. భయము పుట్టిన తరువాత ఎవ్వరును క్రొత్తవిద్య నేర్వజాలరు.

ప్రాణాయామమెరిగినవారు దీనిని రేచకమని గుర్తింతురు. పూరకము కంటె రేచకము దీర్ఘముగా ఉండవలెనన్న నియమము మన పెద్దలకు క్రొత్త గాదు. అయితే ఊపిరిని చాలసేపు బిగబట్టు కుంభకమును, వడివడిగా గాలి కొట్టు కపాలభాతిని ఈ రోగులు వైద్యుని అడుగకుండ చేయరాదని మా అభిప్రాయము.

పనిపాటలలోను సూత్రమిదియే: కష్టమైన ఘట్టమున ఊపిరి విడువవలెను. బిందె ఎత్తునపుడు, మంచము మీదినుండి లేచునపుడు, మెట్టుపై కాలు మోపి పైకి పోవునపుడు ముడిచిన పెదవులతో గాలి వదలవలెను. చాలమంది సరిగా ఆ సమయమందే ఊపిరి బిగబట్టుదురు. తలపై నీళ్ళు గుమ్మరించుకొనునపుడును ఇంతే. స్నానమంటే జంకు పుట్టుట అందువలననే. పీట వేసికొని కూర్చుండి, చెంబుకు చెంబుకు నడుమ తెరపి ఇచ్చినచో ఆ జంకు తగ్గును. మెట్లెక్కుచు ఆయాసపడినచో అరుగుపై కూర్చుండి, ముందునకు వంగి, మోచేతులు మోకాళ్ళపై ఆనించవలెను. నిలుచుండియే గోడకు చేతులానించి వంగినను ఉపశమనము కలుగును. కడుపు పగుల తిన్నచో ఉదరవితానము కదలుటకు చోటుండదు. కొంచెము కొంచెముగా పలుమార్లు తినుట మేలు.

దగ్గును గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది. దగ్గు శత్రువు గాదు. కఫమును వెలికి నెట్టు సేవకుడు. కాని ఖళ్ళు ఖళ్ళున ఎడతెగక దగ్గుటవలన గొట్టములు నొక్కుకొని కఫము లోననే చిక్కును, మనిషి సొమ్మసిల్లును. దగ్గినపుడు బట్టలు తడియునేమోయని దగ్గునే అణచుకొను స్త్రీలు కలరు. ఇది సిగ్గుతో దాచవలసినది గాదు. వైద్యునితో చెప్పినచో దానికిని వ్యాయామమున్నది.

1968లో న్యూజిలాండ్ దేశమున ఫిజియోథెరపీ నిపుణులు ఉబ్బసపు రోగులకు గొంతు మూయకుండ గాలిని వెడలగొట్టు పద్ధతిని వర్ణించిరి. తరువాత లండనులోని బ్రాంప్టన్ ఆసుపత్రిలో అది పెంపొందినది. కళ్ళద్దములు తుడుచుకొనుటకు ముందు వానిపై "హా" అని ఆవిరి పట్టింతుము గదా, ఆ "హా"యే ఈ పద్ధతి. మొదట కొంతసేపు ప్రశాంతముగా శ్వాసింపవలెను. తరువాత మూడు నాలుగుమార్లు లోతుగా గాలి తీసికొని, ప్రతిమారును రెండు మూడు సెకనులు నిలిపి, మెల్లగా విడువవలెను. నిలిచిన గాలి కఫము వెనుకకు చేరి దానిని కదలించును. మరల కొంచెము విశ్రాంతి. అటుపిమ్మట మధ్యరకపు ఊపిరి తీసి, నోరు తెరచి, పొట్టను బిగించి దీర్ఘముగా "హా" అనవలెను. కఫము గొంతు దగ్గరకు వచ్చినట్లు తోచినపుడు పెద్ద ఊపిరి తీసి పొట్టిగా "హా" అనవలెను, లేదా ఒక్కమారు దగ్గవలెను. ఒకటి రెండింటికి మించక మరల విశ్రాంతి. ఇట్లు పది పదునైదు నిమిషములు, భోజనమైన వెంటనే గాక, కఫమెక్కువగానుండు ఉదయవేళ చేయుట అనుకూలము. గొట్టములను విప్పు ఇన్‌హేలరును వైద్యుడిచ్చియున్నచో దానిని ముందుగా తీసికొనవలెను. కఫమును మూతగల పాత్రలో ఉమియవలెనని వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ సాధనవలన చినిగిన గాలిగూళ్ళు మరల అతుకుకొనవు. పొగ మానుటకు ఇది బదులు గాదు. మందునకును బదులు గాదు. కఫము రంగు మారినను, రక్తము కనబడినను, పెదవులు నీలమెక్కినను, కాళ్ళు వాచినను, పగలు మత్తుగా ఉన్నను జాగు చేయక ఆసుపత్రికి పోవలెను. రెండు వారములు మించిన దగ్గు ఎవరికున్నను క్షయ పరీక్ష చేయించుకొనవలెను.

ఇంటివారితో ఒక మాట. మైకు ముందు పనిచేయు మావంటివారికి తొలినాడే నేర్పు పాఠము, మాట అనగా విడిచిన ఊపిరియేయని. ఆయాసము గలవారికి ఒక వాక్యమునకు చాలినంత ఊపిరి ఉండదు. వారు నడుమ ఆగినపుడు తక్కిన మాటను మనము అందించుట ప్రేమతోనే కావచ్చును. అది వారిని తొందరపెట్టును. తొందర ఆయాసమును పెంచును. పిమ్మట మాటాడుటయే మానివేయుదురు. పెరటిలోనికి, వీధి అరుగు మీదికి వచ్చుట కూడ మానివేయుదురు. నడక తగ్గినకొలది కాళ్ళ కండరములు క్షీణించి, అంతకంతకు స్వల్పమైన పనికే రొప్పు వచ్చును. కనుక నాలుగడుగులు వారితో కూడ నడువుడు; వారు ఆగినచోట ఆగుడు. వైద్యుని అనుమతితో ఫిజియోథెరపిస్టు యొద్దకు తీసికొనిపోయినపుడు మీరును ప్రక్కన కూర్చుండి "హా" అనుట నేర్చుకొనుడు. ఇంటికి వచ్చిన తరువాత, పెదవులు ముడిచిన తీరు సరిగానున్నదో లేదో చెప్పుటకు ఒకరుండవలెను గదా.