రాత్రి మోగే అలారానికి ఎవరు లేవాలి?

ఈ స్నాతకోత్సవంలో వైద్య, నర్సింగ్ పట్టాలు అందుకుంటున్నవారి ముందు ఒకే ఒక విషయాన్ని ఉంచడమే ఈ ప్రసంగం ఉద్దేశం. ఒకటో రకం మధుమేహం, అంటే శరీర రక్షణ వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేయడం వల్ల తరచు చిన్న వయసులోనే బయటపడే జబ్బు, ఆసుపత్రిలో గుర్తించినా చికిత్స మాత్రం దాదాపు పూర్తిగా ఇంట్లోనే జరుగుతుంది. అక్కడ వైద్యుడూ తల్లే, నర్సూ తల్లే, రాత్రి కాపలా కూడా తరచు తల్లే.

పిల్లల మధుమేహ విభాగంలోనే ఉద్యోగజీవితం గడిపిన ఈ వక్త పనిలో చేరిన కాలంలో, తల్లులు వంటింటి గట్టుమీద పరీక్షనాళికలో బెనిడిక్ట్ ద్రావణమనే నీలిరంగు మందు పోసి, అందులో ఎనిమిది చుక్కల మూత్రం కలిపి వేడిచేసేవారు. రంగు నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు, ఆకుపచ్చ, పసుపు, నారింజ మీదుగా ఇటుకరంగుకు తిరిగితే బాగా పెరిగినట్టు. ఆ పరీక్ష కొన్ని గంటల కిందటి సంగతి చెప్పేదే తప్ప, ప్రమాదకరంగా పడిపోయిన చక్కెరను పట్టుకోలేకపోయేది. తరువాత వేలికొన నుంచి రక్తపు చుక్క తీసే గ్లూకోమీటర్ వచ్చింది. ఇప్పుడు చేతికి అతికించుకునే సెన్సర్ వచ్చింది. చర్మం కింద ఉండే సన్నని తీగతో కణాల మధ్య ద్రవంలోని గ్లూకోజును కొలిచి, రకాన్ని బట్టి నిమిషానికో ఐదు నిమిషాలకో ఒక అంకెను ఫోనుకు పంపే సాధనం అది.

ఆ అంకెను దూరాన ఉన్న తల్లిదండ్రుల ఫోనుకు చేర్చే పని వైద్యులకంటే, కంపెనీలకంటే ముందు ఒక తండ్రి చేశాడు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన జాన్ కోస్టిక్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు 2013లో, బడిలో ఉన్న తన చిన్నారి కొడుకు సెన్సర్ అంకెలు తన కళ్లముందు కనబడేలా సొంతంగా ప్రోగ్రాము రాసుకోగా, తోటి తల్లిదండ్రులు కొందరు చేయి కలపడంతో అది నైట్‌స్కౌట్ అనే ఉచిత సాధనంగా ఎదిగింది. కంపెనీ తయారుచేసిన అలాంటి సదుపాయానికి అక్కడి ప్రభుత్వ అనుమతి లభించింది ఆ తరువాతే. ఈ చరిత్ర తెలిసిన వైద్యుడెవరూ సాధనాలు వాడే తల్లిదండ్రులను చూసి "గూగుల్ డాక్టర్లు" అని వెక్కిరించడు. వెక్కిరించేవారు కొందరు ఈ సభలోనూ ఉన్నారని, వెనుక వరుసల్లో ఈ క్షణాన ఫోన్లు చూసుకుంటున్నవారిలోనే వారు ఎక్కువని వక్త అనుమానం.

అయితే సాధనం ఇంటికి వచ్చిన తరువాత ఆ ఇంటి నిద్ర ఏమవుతోందన్నదే ఈ వక్తను వదలని బెంగ. రాత్రి మూడు గంటలకు చక్కెర పడిపోయిందని అలారం మోగుతుంది, తెరమీద 58 కనబడుతుంది, తల్లి ఉలిక్కిపడి లేచి నిద్రలో ఉన్న బిడ్డ నోట్లో చక్కెర నీళ్లు పోస్తుంది, తెల్లారేసరికి చక్కెర మూడువందలు దాటుతుంది. జరిగినది కేవలం బిడ్డ సెన్సర్ ఉన్న చేతిమీద ఒత్తిగిలి పడుకోవడం కావచ్చు, ఎందుకంటే ఒత్తిడి పడినచోట సెన్సర్ ఉన్నదానికంటే తక్కువ చూపుతుంది. పైగా చక్కెర వేగంగా మారేటప్పుడు ఆ అంకె రక్తానికంటే ఐదు నుంచి పదిహేను నిమిషాలు వెనకబడి ఉండవచ్చు. బిడ్డను పక్కకు తిప్పి, వేలి రక్తంతో సరిచూసి, నిజంగా 70 కంటే తక్కువ ఉంటేనే చక్కెర ఇవ్వాలని, చెమటలు, వణుకు, మగత కనబడితే మాత్రం అంకె కోసం ఆగరాదని, స్పృహలేని బిడ్డ నోట్లో ఏదీ పోయక వెంటనే అత్యవసర సాయం కోరాలని తల్లికి ఎవరు చెప్పాలి? డబ్బాలోని చిన్న అక్షరాల కాగితమా?

ఇక ఆ అంకెను పంచుకునే సదుపాయం సంగతి. ఒక యాప్‌లో అంకెను చూసేవారిని పదిమంది దాకా చేర్చవచ్చు. దాంతో తండ్రి ఆఫీసు నుంచి "ఇప్పుడేం పెట్టావు?" అంటాడు, డాలస్‌లోని బాబాయి అక్కడి పగటిపూట ఇక్కడి అర్ధరాత్రికి ఫోన్ చేసి "వదినా, 190 చూపిస్తోంది" అంటాడు, అందరూ చూసేవారే, లేచేది మాత్రం ఒక్కరే. పదిహేనేళ్ల పిల్ల విసిగి ఫోనులో ఆ పంపకాన్ని ఆపేస్తే దాన్ని మొండితనమని మందలించే ముందు, తిన్న ప్రతి జామకాయకూ సంజాయిషీ చెప్పుకోవలసిన బతుకు ఎలా ఉంటుందో పట్టభద్రులు ఒక్క రోజు ఊహించుకోవడం మంచిది.

 

సెన్సర్ వద్దని ఈ మాటలకు అర్థం కాదు. చక్కెర పడిపోతున్నదని ముందే చెప్పగలిగినది అదే, వేళ్లకు సూదిపోట్లు తగ్గించినదీ అదే. కానీ పాత రోజుల్లో తల్లులు రాసుకొచ్చిన రూళ్ల నోటుపుస్తకంలో అంకె పక్కన "ఇడ్లీ 3, సాయంత్రం కబడ్డీ, జలుబు" అని ఉండేది. నేటి రంగురంగుల గ్రాఫులో ఎవరూ టైపు చేయకపోతే ఆ వరుస ఖాళీగానే ఉంటుంది. అందువల్ల తల్లి ఫోను చాచినప్పుడు గ్రాఫు చూడకముందు తల్లి ముఖం చూసి, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయిందో అడగాలని, సెన్సర్ రాసే చీటీలోనే అలారం ఏ అంకెకు మోగాలో, ఏ అంకెను వదిలేయవచ్చో, వారంలో ఏ రాత్రులు తండ్రి లేవాలో కూడా తండ్రి ఎదుటే రాయాలని పట్టభద్రులకు వక్త విజ్ఞప్తి.