పాతబడి ప్రక్కన క్రొత్తగదులు
(మహాసభయందు గావించిన యుపన్యాసము)



పాఠశాలా భవనములకు క్రొత్తగదులు చేర్చుటను గూర్చి నాలుగుమాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మేము వక్తలము కాము. గృహనిర్మాణమునందు కొంత పరిశ్రమ చేసినవారము. కావున ఇటుకను గూర్చియు మట్టిని గూర్చియు మాత్రమే విన్నవింతుము.

2019వ సంవత్సరము నవంబరు 14వ తేదీన ఒంగోలు పి.వి.ఆర్. పురపాలకోన్నత పాఠశాలయందు "మనబడి నాడు-నేడు" అను ప్రభుత్వ కార్యక్రమము ప్రారంభమైన సంగతి మీ రెఱుగుదురు. తొలివిడతలో 15,715 బడులకు త్రాగునీరు, మరుగుదొడ్లు, దీపములు, ఫంకాలు, బల్లలు మున్నగు సౌకర్యము లుద్దేశింపబడెను. రెండవ విడతలో అదనపు తరగతిగదుల మాట వచ్చెను. అసలు చిక్కంతయు నచ్చటనే యున్నది. మరమ్మతు వేఱు, పాతభవనమునకు గది చేర్చుట వేఱు.

మన సీమయందు ప్రత్తికి తల్లియైన నల్లరేగడి గోడకు సవతితల్లి. వేసవిలో నీరింకి కుంచించి నెఱ్ఱెలు విచ్చును. వానకాలమున నుబ్బి పైనున్నదానిని నెట్టును. అనేక సంవత్సరములు నిలిచిన పాతభవనము తన క్రుంగుదలను ముగించుకొని స్థిరపడియుండును. క్రొత్తది యింకను క్రుంగుచుండును. ఈ రెంటిని ఒక్కగోడతో బంధించుట ముసలియెద్దును కోడెను ఒకేకాడికి కట్టుటవంటిది.

ఇది పుస్తకములో చదివి చెప్పుమాట కాదు. ఒక గ్రామమున డంగుసున్నముతో కట్టిన చక్కని పాతబడి కలదు. దాని గోడకే ఆనించి, దానిలోనికే స్లాబు దూర్చి, రెండుగదులు కట్టిరి. రెండవ వేసవికే కలసినచోట గోడ నిలువున బీటవారెను. ఆ బీటలో చేయి దూరుచుండెను. బిడ్డలు మరల వేపచెట్టు క్రిందికి వచ్చిరి. ఎల్లరును మేస్త్రీని నిందించిరి. నిజమునకు ధనములో హెచ్చుభాగము ముఖద్వారపు కమానునకును శిలాఫలకమునకును చెల్లిపోగా, పునాది మూడడుగులతో నాగినది. ఆ కట్టడపు కమిటీలో మేమును సభ్యులమే. దాతగారి మనసు నొచ్చునని నాడు మేము నోరు మెదపలేదు.

ఏమి చేయవలసియుండెనో చెప్పెదము. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనాసంస్థవారు ఇట్టి నేలలకై అడుగున గడ్డవలె నుబ్బిన కాంక్రీటు కాళ్ళను రూపొందించిరి. వీనికి అండర్‌రీమ్డ్ పైల్సు అని పేరు. ఇవి కనీసము 3.5 మీటర్లు దిగవలెను. తడి పొడి మార్పులు పెద్దగా తాకని లోతునకు పోయి, ఆ గడ్డ నేలను పట్టుకొనును. వానిపై దూలములు వేసి, దూలమునకును మట్టికిని నడుమ ఖాళీ విడువవలెను; నేల యుబ్బినను దూలమును తాకదు. చుట్టును గచ్చు చేసి చూరునీరు దూరముగా పోనీయవలెను.

క్రొత్తభవనము తన కాళ్ళపై తాను నిలువవలెను. పాతదానికిని దానికిని ఎడము విడిచి, పైన రేకుతో కప్పి, వసారాతో కలుపవచ్చును. 1967వ సంవత్సరము మార్చి 27వ తేదీన ఒంగోలు సీమ కంపించిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండును. అట్టివేళ ఎడములేని రెండు భవనములు ఒకదాని నొకటి మోదుకొనును. రెంటి అరుగులును సమముగా నుండవలెను, చక్రాలకుర్చీలోని బిడ్డయు తరగతికి రావలెను గదా! 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము దీనినే కోరుచున్నది.

పాతమిద్దెపై మేడ వేయుదమను మాట తఱచుగా వినుచున్నాము. ఆ గోడల బలము పరీక్షింపక అట్టి పని తలపెట్టరాదు. సున్నపుగోడలకు సిమెంటుపూత పూయుటయు మంచిది కాదు. చెమ్మ లోపలనే నిలిచి ఇటుకను తినివేయును. క్రొత్తదానికి మేడ కావలెనన్నచో వెడల్పైన మెట్లదారులు రెండుండవలెను. 2004వ సంవత్సరము జూలై 16వ తేదీన కుంభకోణము పాఠశాలలో 94 మంది బిడ్డలు అగ్నికాహుతియైరి. ఇరుకుమెట్లవలన వారికి దారి దొరకలేదు.

ఎండను గూర్చి రెంటచింతల ప్రాంతమువారికి మేము చెప్పునది లేదు. కిటికీలు ఉత్తరదక్షిణములకు పెట్టి, పడమటిగోడను మూయవలెను. మిరపకళ్ళము దగ్గఱనున్న ఊళ్ళలో ఆ దిక్కునకును కిటికీ వలదు. ఘాటునకు దగ్గుచు ఎక్కములు వల్లించిన వారి మీలో ననేకు లుందురు.

కార్యవర్గమువారికి మా మనవి యొక్కటి. వేసవిలో నెఱ్ఱెలు విచ్చినప్పుడే స్థలమున గుంతలు త్రవ్వించి నేలను పరీక్షింపుడు. చందాపుస్తకమునందు మొదటిపుట "పునాది" అని వ్రాయింపుడు. ఆ ధనమునకు శిలాఫలకము లేదని దాతలకు ముందే చెప్పుడు. ఆ పుటలో మొదటి చందా మాది.