తుఫాను సముద్రం కాడనే ఆగదు

 

తుఫాను అంటే తీరపోళ్ల ముచ్చట అనుకుంటం. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా ఆంధ్రా తీరం దాటింది. అక్కడ ముందుగానే పడవలు ఒడ్డుకు చేర్చిండ్రు, జనాన్ని పునరావాస కేంద్రాలకు తరలించిండ్రు. తెల్లారి వాన తెలంగాణ మీద పడ్డది. వరంగల్‌లో కాలనీలు మునిగినయి, కళ్లాల్లో వడ్లు తడిసినయి.

నేల మీదికి రాంగనే గాలి తగ్గుతది, వాన మాత్రం మన దాకా వస్తది. అందుకే హెచ్చరిక వినంగనే మనమూ తయారు కావాలె. వడ్లు కుప్పజేసి టార్పాలిన్ కప్పుదాం. పోడు పట్టా, ఆధార్ కవర్ల చుట్టి పెడదాం. నెలలు నిండిన అక్కలను వాగు పొంగకముందే దవాఖానకు చేరుద్దాం.

పంట పోతే ఫొటో తీసి, నష్టం రాయించాలె. పట్టా రాని పోడైనా సరే, అడగాలె. అడగకుంటే లెక్కల్ల మనం ఉండం.