దస్తావేజు రాసే ఆయన పని, మన పని



పోయినేడు మా సంఘంలో ఒక అక్క, బ్యాంకు లింకేజీ అప్పుకు గొలుసు కుదువ పెట్టిన డబ్బు కలిపి రెండు సెంట్ల స్థలం బేరమాడింది. దస్తావేజు రాసే ఆయనకు ఫీజు ఇస్తున్నాం కదా, అన్నీ ఆయనే చూస్తాడనుకున్నాం. ఆయన పని అది కాదంట. మనం చెప్పిన పేర్లు, సర్వే నంబరు, నాలుగు హద్దులు, ధర రాస్తాడు. స్టాంపు లెక్క చెప్తాడు, సాక్షులతో సబ్ రిజిస్ట్రారు ముందు నిలబెడతాడు. అమ్మేవాళ్ళకి హక్కు ఉందా లేదా అన్నదానికి ఆయన పూచీ పడడు.

మా బుక్‌కీపర్ పోరు పెట్టబట్టి ముందే ఈసీ తీయించాం. స్థలం తనఖాలో ఉన్నట్టు తేలింది! "ఎప్పుడో తీరిపోయిందమ్మా" అన్నాడు అమ్మే ఆయన. తీరితే రద్దు కాయితం చూపించమన్నాం. నెల తిప్పి తెచ్చాడు. అప్పటికే బయానా ఇచ్చేశాం, ఆ నెల అక్క కిస్తీ సంఘమే సర్దింది.

ఈసీలో రిజిస్టరైనవే కనపడతాయి. నోటి ఒప్పందాలు, అన్నదమ్ముల వాటా తగాదాలు కనపడవు, అవి ఇరుగుపొరుగునే అడగాలి. డీ పట్టా భూమి అన్నారంటే 1977 చట్టం ఉంది, తహసీల్దారు ఆఫీసులో కనుక్కోకుండా బయానా ఇవ్వొద్దు.

చిత్తు కాయితం చదివించుకున్నాం. కొనేవారి దగ్గర అక్క భర్త పేరుంది. అప్పు తీర్చేది అక్క. కొట్టేయించి అక్క పేరే రాయించాం.